రెండు సెకన్ల నిశ్శబ్దం

పాత డిస్కుల డబ్బా మూత తిప్పి తీస్తే ఒక వాసన వస్తుంది. ముందు ప్లాస్టిక్ వాసన, దాని వెనకే మార్కర్ సిరా. లోపల సన్నటి ఊచకు గుచ్చిన యాభై సీడీలు. ప్రతిదాని మీదా అంచు వెంబడి గుండ్రంగా రాసిన పేర్లు: స్వరకర్త, సింఫనీ సంఖ్య, కండక్టర్, ఆర్కెస్ట్రా. అన్నిటికన్నా పైన ఉన్నది బీథోవెన్ 5వ సింఫనీ. పేరు పక్కన చిన్నగా "డీఏఓ" అని ఉంది, అంటే డిస్కు మొత్తాన్ని మధ్యలో ఆపకుండా రాశారని గుర్తు.

డౌన్‌లోడ్ చేసిన సింఫనీలను ఒకరికొకరు పంచుకున్న ఆ రోజుల్లో, ఆ మూడక్షరాలు కనబడితే ప్రాణం కుదుటపడేది. డిస్కు రాసినవాళ్లకి మూడో మూవ్‌మెంట్ (సింఫనీలోని భాగం) ఆగకుండా నాలుగోదానిలోకి ఎలా వెళ్తుందో తెలుసన్నమాట. ఆ చోటు చెడకుండా పంపారన్నమాట.

చిన్న మూవ్‌మెంట్ ముందు

56 కిలోబిట్ల మోడెమ్ ఉన్నంత కాలం సింఫనీ అంటే ముందు లెక్కలే. లైను బాగుంటే సెకనుకి 5 కిలోబైట్లు దిగేవి. 128 కిలోబిట్ల ఎంపీ3 నిమిషానికి దాదాపు ఒక మెగాబైట్. బీథోవెన్ 5వది ముప్పై మూడు నిమిషాలనుకుంటే ముప్పై రెండు మెగాబైట్లు, అంటే గంటా ముప్పావు. 9వది దిగాలంటే మూడున్నర గంటలకి పైనే. మోడెమ్ కీచుమని అరిచి, గరగరలాడి, చప్పున ఊరుకునేది. ఆ మౌనం వస్తేనే కనెక్షన్ కుదిరినట్టు.

ఎప్పుడు తెగిపోతుందో తెలియదు కాబట్టి అన్నిటికన్నా చిన్న ఫైలు ముందు దింపుకునేవాళ్లం. చాలా సింఫనీల్లో అది స్కెర్జో, లేదంటే మిన్యుయెట్. అందువల్ల ఎన్నో సింఫనీలు మాకు మూడో మూవ్‌మెంట్ నుంచే పరిచయమయ్యాయి. తర్వాత రెండోది, ఆ తర్వాత మొదటిది. ఫినాలే, అంటే ఆఖరి మూవ్‌మెంట్, ఇంకో రాత్రికి. స్వరకర్త వేసిన వరుస ఏమిటో వారం గడిస్తే గానీ వినబడేది కాదు.

మధ్యలో తెగితే సర్వర్ మిగతా భాగం నుంచి అందుకోనిస్తే సరే, లేకపోతే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఇంకో ప్రమాదం ఉండేది. ఎంపీ3 ఫైలు సగంలో ఆగినా ప్లేయర్ ఏమీ అనదు. ఉన్నంతవరకు వాయించి ఊరుకుంటుంది. 5వ సింఫనీ చివర్లో సి మేజర్ కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) మళ్లీ మళ్లీ మోగుతుంది. ఆఖరి పది సెకన్లు ఎగిరిపోయినా కొత్తగా వినేవాళ్లు అదే ముగింపు అనుకుంటారు. అందుకే పంపేవాళ్లు ప్రతి ఫైలు పక్కనా దాని సైజు బైట్లలో రాసేవాళ్లు. మెగాబైట్లలో రాస్తే లాభం లేదు. 7.4 అని రాస్తే ఆఖరి రెండు మూడు సెకన్ల లోటు తేలకపోవచ్చు.

అతుకు

ఎంపీ3లూ, ప్లేయర్లూ, సీడీ రాసే ప్రోగ్రాములూ అన్నీ మూడు నిమిషాల పాటని మనసులో పెట్టుకుని తయారయ్యాయి. పాటకీ పాటకీ మధ్య కాస్త ఖాళీ వస్తే ఎవరికీ నష్టం లేదు. సింఫనీ సంగతి వేరు. 5వ సింఫనీ మూడో మూవ్‌మెంట్ చివర తీగవాద్యాలు అతి మెల్లగా ఒకే స్వరం పట్టుకుని ఉంటాయి. కింద టింపనీ (పెద్ద డోళ్లు) వేలితో తలుపు తట్టినట్టు మోగుతూ ఉంటుంది. వయొలిన్లు పాకుతూ పైకి వెళ్తాయి, శబ్దం ఉబ్బుతుంది, ఉబ్బి ఉబ్బి ఫినాలే తొలి కార్డు మీద విరుచుకుపడుతుంది. ట్రాంబోన్లు, పికలో, కాంట్రాబసూన్ అప్పటిదాకా ఊరుకుని మొదటిసారి గొంతు విప్పేది అక్కడే. సీడీలో ట్రాకు గుర్తు ఉండేదీ సరిగ్గా అక్కడే.

ఎంపీ3 ధ్వనిని 1152 శాంపిళ్ల (ధ్వని కొలతల) ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క 26 మిల్లీసెకన్లు. మూవ్‌మెంట్ పొడవు ఆ ముక్కలకి సరిగ్గా సరిపోదు కాబట్టి చివర నిశ్శబ్దంతో నింపుతుంది. ఎన్‌కోడర్ (ధ్వనిని ఎంపీ3గా మార్చే ప్రోగ్రాము) మొదట్లో కూడా కొంత ఖాళీ చేరుస్తుంది. పైగా ప్లేయర్ ఒక ఫైలు మూసి ఇంకోటి తెరవాలి. ఇవన్నీ కలిసి ఆ ఉప్పెన కట్టలు తెంచుకునే క్షణంలో ఒక గుంట పడేది. ఊపిరి బిగబట్టి వింటున్నవాళ్లకి అది మెట్టు తప్పినట్టే.

దానికి మందు కొంతకాలానికి దొరికింది. లేమ్ ఎన్‌కోడర్ తాను ముందూ వెనకా ఎన్ని శాంపిళ్లు చేర్చిందో ఫైలు మొదట్లోనే రాసిపెట్టడం మొదలుపెట్టింది. దాన్ని చదవగల ప్లేయర్ (ఫూబార్2000 లాంటిది) అంత మేరా కోసి పారేసి వాయిస్తుంది. పాత ప్లేయర్లకి ఆ చదువు రాదు. అందుకని జాగ్రత్తపరులు మూడు, నాలుగు మూవ్‌మెంట్లను కలిపి ఒకే ఫైలు చేసి పంపేవాళ్లు. ఇంకా పట్టుదల ఉన్నవాళ్లు డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా ఉంచి, ట్రాకులు ఎక్కడెక్కడ మొదలవుతాయో చెప్పే చిన్న క్యూ ఫైలు జతచేసేవాళ్లు.

సీడీ మీదకి రాసేటప్పుడు ఇదే గండం మళ్లీ వచ్చేది. ట్రాక్ అట్ వన్స్ పద్ధతిలో లేజర్ ప్రతి ట్రాకు తర్వాతా ఆగుతుంది, మధ్యలో రెండు సెకన్ల నిశ్శబ్దం చేరుతుంది. డిస్క్ అట్ వన్స్ పద్ధతిలో మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా రాస్తుంది, ఖాళీ మనం పెడితేనే ఉంటుంది. డిస్కు మీది డీఏఓ అంటే అదే. ఆ ఒక్క సెట్టింగు మరిచిపోయి రాసిన డిస్కులో పాస్టొరల్ సింఫనీ (బీథోవెన్ 6వది) తుఫాను రెండుసార్లు తెగుతుంది, రాకముందు ఒకసారి, వెలిశాక ఒకసారి. షూమన్ 4వది నాలుగు మూవ్‌మెంట్లూ ఆగకుండా వాయించాల్సినది, అది నాలుగు తుంపులవుతుంది. మాలర్ 5వదానిలో అడాజియెట్టో నుంచి ఫినాలేకి, సిబేలియస్ 2వదానిలో మూడో మూవ్‌మెంట్ నుంచి నాలుగోదానికి, ఇలా ఏ సింఫనీకి ఎక్కడ అతుకుందో ఒక పట్టిక రాసుకుని డిస్కు రాసే ముందు చూసుకునేవాళ్లం.

కచేరీ రికార్డింగును మనమే ముక్కలు చేసేటప్పుడు ఇంకొక మెలిక. ఆడియో సీడీలో సెకనుకి 75 సెక్టార్లు, ఒక్కో సెక్టారుకి 588 శాంపిళ్లు. కోత ఆ సరిహద్దు మీద పడకపోతే చివరి సెక్టారులో మిగిలిన జాగా సున్నాలతో నిండుతుంది. రెండు ట్రాకుల మధ్య "టిక్" మంటుంది. చప్పట్లలో కోస్తే పెద్దగా తెలియదు. వయొలిన్ల సాగుతీతలో కోస్తే మాత్రం చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టే.

ఒక్క సింబల్ దెబ్బ

తక్కువ బిట్‌రేట్ (సెకను ధ్వనికి వాడే బిట్లు) మొదట దెబ్బతీసేది సింబళ్లనీ (పెద్ద లోహపు తాళాలు) ట్రయాంగిల్‌నీ చప్పట్లనీ. డ్వోర్జాక్ న్యూ వరల్డ్ సింఫనీ మొత్తంలో సింబల్ మోగేది ఒక్కసారే, నాలుగో మూవ్‌మెంట్‌లో, అదీ మెత్తగా. ఎన్‌కోడింగ్ పరీక్షకి మాకు అంతకంటే మంచి చోటు దొరకలేదు. అసలు డిస్కులో ఆ లోహం గాలిలో సన్నగా కరిగిపోతుంది. 128లో నీళ్లలో ముంచి తీసినట్టు జలజలమంటుంది. 192కి వచ్చేసరికి చాలావరకు కుదురుకుంటుంది. లేమ్‌లో వీ2, వీ0 అనే నాణ్యత సెట్టింగులు వచ్చాక చాలామందికి తేడా పట్టుకోవడమే కష్టమైంది. బ్రామ్స్ 4వ సింఫనీ మూడో మూవ్‌మెంట్‌లో ట్రయాంగిల్ ఇంకో పరీక్ష.

2001లో ఫ్లాక్ అనే ఫైలు పద్ధతి వచ్చింది. అందులో పోయేదేమీ లేదు, విప్పితే అసలు బిట్లే బయటికొస్తాయి. 74 నిమిషాల సీడీ వేవ్ ఫైళ్లుగా 780 మెగాబైట్లయితే, ఆర్కెస్ట్రా సంగీతం ఫ్లాక్‌లో తరచు అందులో సగం లోపే ఇముడుతుంది. కుదింపు లెవెల్ 5 అయినా 8 అయినా వినబడేది ఒకటే, తేడా సైజులోనూ చుట్టడానికి పట్టే సమయంలోనూ మాత్రమే.

ఫ్లాక్‌తోపాటు దొంగ ఫ్లాక్ కూడా వచ్చింది. ఎంపీ3ని విప్పి మళ్లీ ఫ్లాక్‌గా చుట్టి పంపేవాళ్లు. ఫైలు పెరుగుతుంది, పోయింది మాత్రం తిరిగిరాదు. స్పెక్ట్రమ్ బొమ్మ (ఏ ఎత్తు ధ్వని ఎంతుందో చూపేది) తీస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనబడితే అది 128 నుంచి వచ్చిందని అనుమానించాలి. 320 అయితే కోత 20 దగ్గర ఉంటుంది. కానీ 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచీ పాత టేపుల నుంచీ తీసినవాటి మీద ఈ తీర్పు చెల్లదు. వాటి పైభాగంలో ఉండేది సూది గరగరో టేపు హిస్సో, శుభ్రం చేసేటప్పుడు దాన్ని కోసేసి ఉండొచ్చు. ఆ సంగతి తెలియక మంచి పాత రికార్డింగులను దొంగవని తోసిపుచ్చినవాళ్లు ఉన్నారు.

వినబడనిదాన్ని కాపాడటం

చైకోవ్‌స్కీ 6వ సింఫనీ మొదటి మూవ్‌మెంట్ మధ్యలో క్లారినెట్ దిగుతూ దిగుతూ పోయి ఆఖరి నాలుగు స్వరాలు బసూన్‌కి అప్పగిస్తుంది. వాటి మీద ఆయన ఆరు "పీ"లు రాశాడు, అంటే వినబడీ వినబడనంత మెల్లగా. మరుక్షణం ఆర్కెస్ట్రా మొత్తం పిడుగులా పడుతుంది. బసూన్ కోసం వాల్యూమ్ పెంచినవాళ్లు ఆ పిడుగుకి కుర్చీలోంచి లేచేవాళ్లు. హెడ్‌ఫోన్లో అయితే చెవికే ప్రమాదం.

దానికి కొందరు కనిపెట్టిన విరుగుడు నార్మలైజ్ చేయడం (అన్నీ ఒకే గట్టిదనానికి వచ్చేలా శబ్దం పెంచడం), అదీ ట్రాకు ట్రాకుకీ విడివిడిగా. సింఫనీకి దాన్ని మించిన హాని లేదు. మెల్లని రెండో మూవ్‌మెంట్ మొదటిదానంత పెద్దగా మోగుతుంది, అతుకు ఉన్న చోట శబ్దం మెట్టులా పైకో కిందికో పడుతుంది. 2001లో వచ్చిన రీప్లేగెయిన్ పద్ధతి ధ్వనిని ముట్టుకోదు, ఎంత పెంచాలో తగ్గించాలో ట్యాగులో (ఫైలులో వివరాలు రాసే చోట) రాస్తుంది. అందులో రెండు విలువలుంటాయి: ట్రాకుది ఒకటి, ఆల్బమ్‌ది ఒకటి. సింఫనీకి ఆల్బమ్ విలువే వాడాలి.

కొన్ని ప్రోగ్రాముల్లో "నిశ్శబ్దం తొలగించు" అని ఒక గడి టిక్కుతోనే వచ్చేది. అది మాలర్ 1వ సింఫనీ మొదట్లో గాలిలా నిలిచే తీగల స్వరాన్ని నిశ్శబ్దం అనుకుని కోసేసేది. రిప్ (సీడీని కంప్యూటర్‌లోకి తీయడం) మొదలుపెట్టే ముందు మేము చేసే మొదటి పని ఆ టిక్కు తీసేయడం.

ముప్పై అక్షరాలు

మొదటి తరం ఐడీ3 ట్యాగులో పేరుకి 30 అక్షరాలే చోటు. 5వ సింఫనీ పేరు ఇంగ్లీషులో సంఖ్య, శ్రుతి కలిపి రాసి "ఓపస్" (రచన సంఖ్య) పొట్టి రూపం పెట్టేసరికి సరిగ్గా 30 నిండేవి. ఆ సంఖ్య 67కి చోటు లేదు, మూవ్‌మెంట్ పేరుకి అసలే లేదు. ప్లేయర్ తెరమీద నాలుగు ట్రాకులూ ఒకే పేరుతో కనబడేవి. అందుకే ట్రాకు సంఖ్య, మూవ్‌మెంట్ టెంపో పేరు ముందు రాసి, సింఫనీ పేరుని ఆల్బమ్ గడిలోకి తోసే అలవాటు వచ్చింది. కళాకారుడి గడిలో ఎవరిని పెట్టాలన్నది తెగని తగువు. బీథోవెనా, కండక్టరా, ఆర్కెస్ట్రానా? డిస్కు పెట్టగానే పేర్లు తెచ్చిచ్చే డేటాబేసుల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా నింపారు. ఒక సెట్టులో మొదటి డిస్కు స్వరకర్త పేరు కిందా, రెండోది కండక్టర్ పేరు కిందా తేలేవి.

సంఖ్యలు ఇంకో తలనొప్పి. పాత రికార్డుల మీద న్యూ వరల్డ్ 5వ సింఫనీ, ఇప్పుడది 9వది. షూబర్ట్ గ్రేట్ సి మేజర్ ఒకచోట 7, ఇంకోచోట 8, మరోచోట 9. బ్రూక్నర్ అయితే సంఖ్య చెబితే చాలదు, 4వదానికి ఏ రూపమో, 8వదానికి హాస్ కూర్పో నోవాక్ కూర్పో రాయాలి. శ్రుతి, ఓపస్ సంఖ్య (మోట్‌సార్ట్‌కి కే సంఖ్య, షూబర్ట్‌కి డీ సంఖ్య) రాసిన ఫైలే నమ్మదగ్గది. పేరు మీద అనుమానం వస్తే నిడివి చూసేవాళ్లం. ఎరోయికా (బీథోవెన్ 3వది) మొదటి మూవ్‌మెంట్ పదిహేడు నిమిషాలుంటే తొలి భాగం రెండోసారి వాయించినట్టు, పద్నాలుగు దగ్గర ఉంటే వదిలేసినట్టు. ఈ లెక్కతో తప్పు పేరు తగిలించిన ఫైళ్లు ఎన్నో బయటపడ్డాయి.

రిప్, లాగ్

మంచి రిప్ అంటే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాము, అందులో సెక్యూర్ మోడ్. ప్రతి భాగాన్నీ ఒకటికి రెండుసార్లు చదివి, రెండూ ఒకటైతేనే ముందుకి కదిలేది. గీతలు పడ్డ డిస్కు ఒక్కోసారి రాత్రంతా తీసుకునేది, డ్రైవు మూలుగు గదంతా వినబడుతూ. చివర్లో, డిస్కు ఎలా చదవబడిందో చెప్పే లాగ్ ఫైలు వచ్చేది. ఫ్లాక్‌తోపాటు ఆ లాగ్, క్యూ పంపకపోతే ఎవరూ ఆ కాపీని లెక్కచేసేవాళ్లు కాదు.

డ్రైవు ఆఫ్‌సెట్ గురించి పెద్ద చర్చలు నడిచేవి. ఒక డ్రైవు 6 శాంపిళ్లు పక్కకి చదివితే ఇంకోటి 667. ఆ 667 అయినా 15 మిల్లీసెకన్లే. పైగా అన్ని ట్రాకులూ ఒకేలా జరుగుతాయి కాబట్టి అతుకులు చెడవు. సరిచేయడం ఎందుకంటే, అప్పుడే నా రిప్ చెక్‌సమ్ (ఫైలు బిట్ల నుంచి లెక్కగట్టిన సంఖ్య), వేరే డ్రైవు మీద తీసినవాళ్ల చెక్‌సమ్ సరిపోలతాయి. అక్యురేట్‌రిప్ అనే డేటాబేసు నడిచేదే ఆ పోలిక మీద.

చాలామంది చూడనిది ప్రీ-ఎంఫసిస్. తొలినాళ్ల సీడీలు కొన్నిటిలో హెచ్చు స్వరాలు పెంచి రాసి ఉంటాయి. మామూలు ప్లేయర్ డిస్కు మీది గుర్తు చూసి తగ్గిస్తుంది. కంప్యూటర్‌లోకి తీస్తే ఆ తగ్గింపు జరగదు. వయొలిన్లు గాజు మీద గీసినట్టు వినబడతాయి, వినేవాళ్లు పాత డిజిటల్ రికార్డింగులు ఇంతే అని సరిపెట్టుకుంటారు. డీ-ఎంఫసిస్ ఫిల్టర్ వేస్తే అదే రికార్డింగ్ మెత్తబడుతుంది.

పంపడం

యూజ్‌నెట్‌లో (పాత ఇంటర్నెట్ చర్చా వేదిక) సింఫనీ వందల ముక్కలుగా వచ్చేది, అందులో నాలుగైదు ఎప్పుడూ మాయం. పార్2 ఫైళ్లు వచ్చాక ఆ బాధ తగ్గింది. పది శాతం అదనపు బ్లాకులు జతచేస్తే, అంతమేర ఏ ముక్కలు పోయినా తిరిగి కట్టుకోవచ్చు. టోరెంట్లలో (వాడేవాళ్ల కంప్యూటర్ల మధ్యే ఫైళ్లు మారే పద్ధతి) ఇబ్బంది ఇంకో రకం. మొత్తం కాపీ ఉన్న ఒక్కరూ కంప్యూటర్ ఆపేస్తే అందరూ 99 శాతం దగ్గర నిలిచిపోయేవాళ్లు. అందుకే దిగిన తర్వాత కూడా కొన్ని రోజులు తెరిచి ఉంచడం మర్యాద.

ఏది పంచుకోవచ్చు అన్న చోట పట్టింపుగా ఉండాల్సిందే. బీథోవెన్ రాసిన సంగీతం అందరిదీ, కానీ దాని రికార్డింగుకి వేరే హక్కు ఉంటుంది. యూరప్‌లో రికార్డింగుల హక్కు 50 ఏళ్లుండేది. 2011 నాటి ఆదేశం దాన్ని 70 చేసింది, కానీ అది అమలయ్యేసరికే గడువు తీరిన 1962 వరకు విడుదలైనవి మళ్లీ హక్కు కిందికి పోలేదు. అమెరికాలో 1923కి ముందువి 2022 జనవరి 1న అందరి సొత్తయ్యాయి. ఆర్థర్ నికిష్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో 1913లో రికార్డు చేసిన 5వ సింఫనీ అలాంటిదే, ఎనిమిది రికార్డు పక్కల మీద. పక్క నిండగానే ఆర్కెస్ట్రా ఆగాల్సిందే. అంటే అతుకులు అప్పుడూ ఉన్నాయి, మూవ్‌మెంట్ మధ్యలోనే. ఈ పక్కలు కలిపేవాళ్ల పని చూసి తీరాలి. స్వరాలు కలిపితే చాలదు, రెండు పక్కల గరగర కూడా ఒకదానిలోకి ఒకటి జారేలా కొద్ది మిల్లీసెకన్లు కలగలపాలి. లేకపోతే సంగీతం అతుకుతుంది, గరగర తెగుతుంది.

పూర్తి అనుమతితో వచ్చిన పెద్ద పండగ 2005 జూన్. బీబీసీ రేడియో 3, జానాండ్రియా నోసెడా నడిపిన బీబీసీ ఫిల్హార్మోనిక్ కచేరీల నుంచి బీథోవెన్ సింఫనీలను ఎంపీ3లుగా ఉచితంగా పెట్టింది, ఒక్కోటీ వారం రోజులే. తొమ్మిదీ కలిపి దాదాపు 14 లక్షల డౌన్‌లోడ్లు. అంతకుముందు సింఫనీ ఊసే ఎత్తనివాళ్లు కూడా "ఏడోది దిగిందా?" అని అడిగారు. కొన్నేళ్లకి మ్యూజోపెన్ అనే సంస్థ 68 వేల డాలర్లకు పైగా చందాలు పోగుచేసి, ప్రాగ్‌లో చెక్ నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా చేత వాయింపించి, ఆ రికార్డింగులను ఎవరైనా ఎవరికైనా ఇచ్చుకునేలా వదిలేసింది. ఆ ఫైళ్లు పంపేటప్పుడు చేతికి ఏ సంకోచమూ ఉండేది కాదు.

చివరి ట్రాకు ముందు

సీడీ లోపలి నుంచి బయటికి చదవబడుతుంది. పాతబడేటప్పుడు చాలాసార్లు ముందు పాడయ్యేది బయటి అంచు, వేళ్లు తగిలేదీ అక్కడే. నిండుగా రాసిన డిస్కులో అంచు దగ్గర ఉండేది ఫినాలే. అందుకే ఇలాంటి డబ్బా తెరిస్తే మొదటి ట్రాకు మోగిందని సంతోషపడకూడదు. తడి లేని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. డ్రైవు వేగం 4కో 8కో దించాలి. చివరి ట్రాకు ముందు రెండుసార్లు చదివించి రెండు సీఆర్‌సీలూ (ఒక రకం చెక్‌సమ్‌లు) పోల్చాలి. తేడా వస్తే ఇంకో డ్రైవులో పెట్టి చూడాలి, ఒక డ్రైవు చదవలేనిది ఇంకోటి తేలిగ్గా చదివేస్తుంది.

యాభైలో ముప్పై ఎనిమిది డిస్కులు పూర్తిగా వచ్చాయి. తొమ్మిదింటిలో ఫినాలేలు పోయాయి. మూడు అసలు చదవబడలేదు, వాటి మీద కాగితం లేబుళ్లు అతికించి ఉన్నాయి. పైన ఉన్న 5వ సింఫనీ నాలుగో ట్రాకు సీఆర్‌సీలు రెండూ ఒకటే వచ్చాయి. మూడో ట్రాకు చివరి నిమిషం పెట్టి విన్నాం. టింపనీ, వయొలిన్లు, ఉప్పెన, ఆగకుండా ట్రాంబోన్లు.